సంతకు రెండు

మొన్న సంత రోజున నా దుకాణానికి ఒక జంట వచ్చింది. బస్తర్ కొసన, కొంటా బస్టాండు పక్కన నాది జిరాక్స్ దుకాణం. జిరాక్స్ అనేది బోర్డు మీద మాటే, అసలు పని ఫారాలు నింపడం, హిందీలో వచ్చిన కాగితం చదివి అందులో ఏముందో తెలుగులోనో ఇక్కడి గిరిజనుల దోర్లీలోనో చెప్పడం. కిష్టారం వైపు నుంచి వచ్చామన్నారు. అతనికి పాతికేళ్ళుంటాయి. భార్య తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, వెలుతురు చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది. డాక్టరు రాసిన చీటీ, దాంతోపాటు ఒక మాత్రల అట్ట తీసి అతను గాజు బల్ల మీద పెట్టాడు. ఎట్లా వేసుకోవాలో చదివి చెప్పమన్నాడు.

అట్టను చూడగానే గుర్తుపట్టాను. ఒంటితలనొప్పికి ఇచ్చే మాత్ర. చీటీ మీద హిందీలో రెండు వరుసలున్నాయి. నొప్పి మొదలవగానే ఒకటి, హఫ్తాలో, అంటే వారంలో, రెండు కంటే ఎక్కువ వద్దు అని. చదివి వినిపించాను. ఆ అమ్మాయి గోడ వైపు నుంచే అడిగింది.

"అంటే సంతకు రెండా అన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నానో మాట మాటా గుర్తులేదు. సంత పేరెత్తొద్దన్నాను. బుర్ర ఉందా అన్నాను. బల్ల మీద చేత్తో కొట్టాను కూడా. అతను చీటీ, అట్ట లాక్కుని, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పక్కనున్న టీ బడ్డీవాడు గ్లాసు కడుగుతూ ఆగి నావైపు చూశాడు. ఏమైందని అడగలేదు, నా నోటి సంగతి వాడికి తెలుసు.

ఆ కోపం ఆ అమ్మాయి మీద కాదు. అది వేరే మనిషి తాలూకు కోపం. ఆ మనిషి పోయిన వానల్లో చనిపోయింది.

ఆమె పేరు రాయను. రాద్దామన్నా ఏ పేరు రాయాలో తేలదు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒకటి, ఓటరు కార్డులో మూడోది. హిందీ వచ్చినవాళ్ళు తమకు వినపడినట్టు రాసుకుంటూ పోయారు. ఆ మూడింటినీ ఒకటి చెయ్యడానికి నేను పెట్టిన అర్జీలకు అంతులేదు. నాకు మాత్రం ఆమె అత్త. చుట్టరికమేమీ లేదు. మొదటిరోజే నన్ను అల్లుడా అని పిలిచింది, నేను అత్తా అన్నాను. ఇంత కోపిష్టివాడికి తన కూతుర్ని ఇచ్చేది కాదని, కూతురే పుట్టలేదు గనక నేను అవమానం తప్పించుకున్నానని నలుగురిలో చెప్పి నవ్వేది.

ఎండుచేపలు అమ్మేది. సరుకు ఆంధ్రా వైపు నుంచి బస్సు టాపు మీద వచ్చేది. దాన్ని బుట్టకెత్తుకుని వారంలో అయిదు సంతలు తిరిగేది. కొంటా, ఎర్రబోరు, దోర్నాపాల్, మరాయిగూడ, కిష్టారం. జీపు దొరికితే జీపు, లేకపోతే ట్రాక్టరు, అదీ లేకపోతే నడక. దారిలో చెకింగు దగ్గర జవాన్లు బుట్టలో ఏముందని అడిగితే మూత తీసి వాళ్ళ ముక్కుల కింద పెట్టేది. రెండోసారి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. జవాన్లతో హిందీ, దోర్ల ఆడవాళ్ళతో దోర్లీ, కండక్టర్లను తిట్టడానికి తెలుగు. ఏ భాష ఎక్కడ వాడాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు.

తూకం వాడేది కాదు. పిడికిలే కొలత. కుడిచెయ్యి చేపల్లోకి దించి, మూసి, పైకెత్తి, మూసిన పిడికిలిని కొనేవాళ్ళకు అటూ ఇటూ తిప్పి చూపించి వాళ్ళ కొంగులో పోసేది. పక్కన షావుకార్లు కాటాలు పెట్టుకుని కూర్చున్నా అడవి నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఈమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నువ్వూ ఒక కాటా కొనుక్కోరాదా అని ఒకసారి అడిగాను.

"కాటా ఎవనిదైతే వాని మాటే ఇంటది అల్లుడా. నా చెయ్యి వాళ్ళ కండ్ల ముందరుంటది" అంది.

పిడికిలి పోశాక పైన ఇంకో చేప వేసి, ఇది మీ పిల్లికి అనేది. మా ఇంట్లో పిల్లి లేదంటే, పెంచుకో, పై సంతకొచ్చి అడుగుతా అనేది. పై సంత అంటే వచ్చే వారం. మా దగ్గర వారాలకు అదే పేరు. జ్వరం వచ్చి రెండు సంతలైందంటారు, మూడు సంతల్లో పెళ్ళంటారు. వారం అని అడిగితే, ఏ వారం, సోమవారమా, బేస్తవారమా అని ఎదురడుగుతారు. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెప్పానో ముందుకుపోతే తెలుస్తుంది.

ఆమెకు ఒంటితలనొప్పి ఉండేది. నెలకు రెండు మూడుసార్లు వచ్చేది. ముందు కంట్లో చేపపొలుసులు మెరుస్తాయనేది. అవి వంకరటింకరగా మెరిసి మెరిసి ఆరిపోయాక, కుడికణత దగ్గర మొదలయ్యేదట. సంతలో చీకటి ఎక్కడ దొరుకుతుంది? పరదాల కింద కూడా ఎండ మండుతూనే ఉంటుంది. అందుకని చేపలు గోనె మీద కుమ్మరించి, ఖాళీ బుట్ట తలమీద బోర్లించుకుని దానికింద కూర్చునేది. భుజాల దాకా బుట్ట, కింద మనిషి. తెలిసినవాళ్ళు మాట్లాడకుండా కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. తెలియనివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ వాసనకు వాంతి రాదా అంటే, నా వాసనే గదా అని బుట్టలోంచి జవాబొచ్చేది. అసలు తలకాయే లేకపోతే నేరుగా మెడ మీద బుట్ట పెట్టుకునేదాన్ని, సరుకు ఇంకొంచెం పట్టేది అని కూడా అనేది.

నాలుగేళ్ళ కింద ఒక వైద్య శిబిరం పెట్టారు. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు, ఒక్కరోజు ఉండి వెళ్ళిపోయారు. బడి వరండాలో బల్లలు వేశారు. డాక్టర్లకు హిందీ తప్ప రాదు, వచ్చినవాళ్ళలో సగం మందికి హిందీ రాదు. హిందీ కొద్దిగా వచ్చినవాళ్ళు కూడా డాక్టరు ముందు నిలబడేసరికి మరిచిపోతారు. మధ్యలో చెప్పడానికి నన్ను పిలిచారు. పొద్దుటి నుంచి నిలబడి చెప్తూనే ఉన్నాను. ఆమె వంతు వచ్చేసరికి గొంతు ఎండిపోయి ఉంది, వెనక వరస గేటు దాటి ఉంది.

ఆ డాక్టరు కుర్రవాడు మంచివాడే. ఆమె పొలుసుల సంగతి శ్రద్ధగా విన్నాడు, బీపీ చూశాడు, గుండె జబ్బు ఉందా అని అడిగాడు. మాత్ర రాసి అయిదు మాటలు చెప్పాడు. పొలుసులు మెరవగానే ఒకటి వేసుకోవాలి. హఫ్తాలో రెండు మించకూడదు. ఇది మామూలు నొప్పి మాత్ర కాదు, తలనొప్పి లేని రోజు ముట్టుకోకూడదు. ఇంకే మందు వాడాల్సి వచ్చినా, ఈ మాత్ర వేసుకుంటున్నానని ఆ డాక్టరుకు ముందే చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆ అయిదింటిలో నేను రెండే చెప్పాను.

"కండ్లల్ల పొలుసులు మెరవంగనే ఒకటి ఏస్కో అత్తా. సంతకు రెండు మించొద్దు."

"సంతకు రెండు" అంది ఆమె, అప్పజెప్పినట్టు. నేను తలూపాను. తరవాతి మనిషిని పిలిచాను.

తలూపడమే కాదు, లోపల మురిసిపోయాను కూడా. హఫ్తా అనే మాటను ఇంత చక్కగా మనవాళ్ళ మాటలోకి దించానే అనుకున్నాను. వారానికి ఒక్క సంతకు వచ్చే మనిషికైతే ఆ మాట సరిపోయేది. వారానికి అయిదు సంతలు తిరిగే మనిషితో, అదీ ఏ రోజు ఏ సంతలో ఉంటుందో నాకు కంఠతా వచ్చిన మనిషితో ఆ మాట అన్నాను. మించొద్దు అన్న ముక్క ఆమె చెవి దాకా పోయిందో లేదో కూడా చూడలేదు.

ఆమె మాట తప్పే మనిషి కాదు. చెప్పినట్టే చేసింది. కొంటాలో రెండు, ఎర్రబోరులో రెండు, దోర్నాపాల్‌లో రెండు, మరాయిగూడలో రెండు, కిష్టారంలో రెండు. పొద్దున టీతో ఒకటి, చేపలు పరిచాక ఒకటి. పొలుసుల కోసం ఆగడం కూడా మానేసింది. నొప్పి రాకముందే వేసుకుంటే రానే రాదు కదా అని ఆమె లెక్క. శిబిరంలో ఇచ్చిన అట్ట మొదటి వారంలోనే అయిపోయింది.

ఆ తరవాతి అట్టలు మందుల దుకాణం ఇచ్చింది. ఏ దుకాణమో చెప్పను, ఒక్కటి కాదు కాబట్టి. ఆ అట్ట వెనక నిలువునా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. అమ్మేవాడికి ఆ గీత తెలుసు, అది చదువుకునే వాడు ఆ గల్లా వెనక కూర్చున్నాడు. ఇన్ని ఎందుకు, ఎవరు రాశారు, వేళ్ళెట్లా ఉన్నాయి అని ఒక్కసారి అడగలేదు. చేపలమ్మ వస్తే అడక్కుండానే అట్ట తీసి పెట్టడం మర్యాద అనుకున్నాడు. గీత పక్కన జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. బస్తర్‌లో ఎవరు చదువుతారని రాశారో ఆ రాసినవాళ్ళను ఒక్కసారి మా సంతలో కూర్చోబెట్టి, తలమీద బుట్ట బోర్లించి చదవమనాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇంత తిడుతున్నాను గాని, బుట్ట వదిలి రాలేనని ఆమె అంటే రెండుసార్లు ఆ అట్ట నేనే కొని తెచ్చిచ్చాను. నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి ఒక కొత్త మాట మొదలుపెట్టింది. సంత ఉన్న రోజు తల తేలిగ్గా ఉంటోందట, సంత లేని రెండు రోజులే నొప్పి చంపుతోందట. చేపలమ్మకు సంతే మందు అని తనమీద తనే నవ్వేది. నేనూ నవ్వాను. సంత లేని రోజు మాత్ర పడదు, మాత్ర పడకపోతే తల ఊరుకోదు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

మరుసటి ఎండాకాలం, రోడ్డు మీద తారు కరుగుతున్న రోజు, నా దుకాణం మెట్ల మీద కూర్చుని టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. తాగలేదు, చేతులు కాచుకుంటోంది. ఏంది అత్తా, చలిమంట వెయ్యమంటావా అని వెక్కిరించాను. వేళ్ళు మొద్దుబారినాయని, చేపముల్లు గుచ్చుకుని రక్తం వచ్చినా తెలియడం లేదని చెప్పింది. వయసు అత్తా అన్నాను. నేను ఫారాలు నింపేవాణ్ణి. వయసో జబ్బో తేల్చే చదువు నాకెవరిచ్చారు? అయినా అన్నాను, ఆమె నమ్మింది. నేను ఏది చెప్తే అది నమ్మడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ వానాకాలం ఆమెకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. మా సంతల్లో మోటారు సైకిలు మీద ఒకాయన తిరుగుతుంటాడు, అందరూ డాక్టర్ బాబు అంటారు. ఏం చదివాడో ఎవరికీ తెలియదు. సంచీలోంచి సూది తీసి పొడిచి, పెద్ద మందు అని చెప్పి అయిదు రోజులకు బిళ్ళలు ఇచ్చాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? బండి స్టాండు వేసేంత సేపు కూడా పట్టదు. అడగలేదు. ఆమె చెప్పలేదు, చెప్పాలని ఆమెకు తెలియదు. చెప్పమని డాక్టరు నాతో అన్నాడు, నేను ఆమెతో అనలేదు.

నాలుగో రోజు నా దుకాణానికి వచ్చింది. రేషన్ కార్డుకు వేలిముద్ర పెట్టాల్సిన పని. మిషను ఆమె ముందుకు జరిపి, చూపుడువేలు పెట్టమన్నాను. ఎర్రలైటు వచ్చింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ ఎర్రలైటు. చేపలమ్ముకునే వాళ్ళకు గీతలు అరిగిపోతాయి, మాకది మామూలే. గట్టిగా నొక్కు అత్తా అని విసుక్కున్నాను. నొక్కుతూనే ఉన్నా అల్లుడా, నాకే తెలుస్తలేదు అంది. అప్పుడు వేలు నా చేత్తో పట్టుకుని గాజు మీద పెట్టబోయాను. మంచుముక్కలా ఉంది. కొస నేరేడుపండు రంగులోకి తిరిగి ఉంది. పక్కవేలూ అంతే. తల ఎత్తి ఆమె మొహం చూశాను. నొప్పి పంటిబిగువున పట్టుకుని ఉంది. మిషను మాత్రం మళ్ళీ ప్రయత్నించమని చెప్తూనే ఉంది.

జీపు మాట్లాడి భద్రాచలం తీసుకుపోయాను. అక్కడి పెద్ద డాక్టరుది తెలుగు. మధ్యలో చెప్పే మనిషి అవసరం లేదు. ఆమె రవికలోంచి అట్ట తీసి చూపించగానే ఆయన ఎన్ని వేసుకుంటున్నావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

ఆ మాత్ర రక్తనాళాలను బిగిస్తుందట. తలలో నాళాలు బిగిస్తే నొప్పి తగ్గుతుంది, కానీ అది తలా వేలా అని చూసుకోదు. మితంగా వేసుకుంటే మందే. రోజూ వేస్తే వేళ్ళకు రక్తం తగ్గిపోతుంది, పైగా ఆ మాత్రే కొత్త తలనొప్పిని తెచ్చిపెడుతుంది. దానిమీద ఆ దగ్గు బిళ్ళలు పడ్డాయి. ఆ రకం బిళ్ళలతో కలిస్తే మాత్ర ఒంట్లోంచి పోకుండా పేరుకుపోతుందట. ఇదంతా ఆయన చక్కటి తెలుగులో చెప్పాడు. అందులో మూడు మాటలు నేను అంతకుముందే హిందీలో విన్నవి.

ఆయనకు కోపమొచ్చింది. న్యాయమైన కోపం.

"సంతకు రెండు అని నీకు ఎవరు చెప్పారమ్మా?"

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను, శిబిరం చీటీ చేతిలో ఉంది. ఆమె నావైపు చూసింది. చూసి, ఆయన వైపు తిరిగింది.

"ఎవ్వలు చెప్పలే సారూ. వాళ్ళు మంచిగనే చెప్పిన్రు. నేనే తప్పిన్న."

ఆయన ఆమెనే తిట్టాడు. చదువు రాకపోతే చదువొచ్చినవాళ్ళను అడగాలి కదా అన్నాడు. ఆమె తల వంచుకుని, అవును సారూ అంది. బస్టాండులో కండక్టరు దగ్గర్నుంచి పట్వారీ దాకా అందరిమీదా లేచే నా నోరు ఆ పూట మూసుకునే ఉంది.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు సగానికి తీసేశారు. ఎడమచేతి చిటికెనవేలు మొత్తం పోయింది. మాత్ర ఆపేశారు. మొదటి కొన్ని రోజులు తలనొప్పి ఆమెను పట్టి పల్లార్చింది, ఆ తరవాత పాతలాగే నెలకు రెండు మూడుసార్లకు దిగింది. వేరే మందు ఇచ్చారు. ఆ మందు చీటీని ఆమె నాచేత మూడుసార్లు చదివించుకుంది. మూడుసార్లూ అన్ని మాటలూ చదివాను.

మూడు నెలలకు మళ్ళీ సంతకొచ్చింది. నేను చూడాలని పోయాను, పోకుండా ఉంటే బాగుండేది. చెయ్యి చేపల్లోకి దించి మూస్తే సగం చేపలు సందుల్లోంచి జారిపోతున్నాయి. ఆమె ఆ పిడికిలిని తనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇది మోసపు కొలత అయిపోయిందని అంది. మరి ఇప్పుడైనా కాటా కొనుక్కో అన్నాను. కొనుక్కోలేదు. వచ్చినవాళ్ళ ముందుకు బుట్ట జరిపి, మీ చేత్తో మీరే తీసుకోండని చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు మొహమాటపడి, ఆమె ఇచ్చేదానికంటే తక్కువే తీసుకునేవాళ్ళు. అప్పుడు ఆమె మిగిలిన వేళ్ళతో ఒక చేప పట్టుకుని పైన వేసేది, మీ పిల్లికి అని.

ఒకరోజు బస్సు కోసం నా మెట్ల మీద కూర్చుంది. దుకాణంలో ఎవరూ లేరు. చాలాకాలంగా అడగాలనుకుంటున్నది అడిగేశాను. ఆ డాక్టరుతో అబద్ధం ఎందుకు చెప్పావు అన్నాను.

"నిన్ను తిట్టిచ్చి నేనేం జేసుకోను? ఏళ్ళు మొలుస్తయా?" అంది. "నలుగుర్ల నిన్ను తిడితే నువ్వు రేపటినుంచి ఎవ్వలకి నోరిప్పవ్. నీ సంగతి నాకెరుక. మాకు చదివి చెప్పెటోడు ఇంకెవలున్నరు అల్లుడా? ఇప్పుడు సరిగ్గ చెప్పు, అంతే."

ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. తిట్టాల్సింది. చిల్లర సరిగా ఇవ్వలేదని కండక్టరు తాతముత్తాతలను లేపిన మనిషి, మూడు వేళ్ళు పోగొట్టినవాణ్ణి ఒక్కమాట అనకుండా పోయింది. తిట్టి ఉంటే చెల్లుకు చెల్లయ్యేది. ఆమె తిట్టలేదు కాబట్టి నేను మిగతా అందరినీ తిడుతున్నాను. దుకాణాలవాళ్ళను, డాక్టర్ బాబును, చీమ అక్షరాలవాళ్ళను, ఒక్కరోజు వచ్చి పోయే శిబిరాలను. వాళ్ళకు ఆ తిట్లు తగినవే. అందరూ అయిపోయాక నేను మిగులుతాను.

పోయిన వానల్లో జ్వరమొచ్చి పోయింది. మాత్రల వల్ల కాదు. కాబట్టి ఎవరిమీదా ఏ మాటా రాలేదు. ఆమె పేరు మూడు కార్డుల్లోంచి కొట్టేయించే అర్జీలు కూడా నేనే నింపాను.

ఇదంతా గుర్తుచేసుకుంటూ మొన్న గాజు బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ జంట పారిపోయింది, నేను అరిచినందుకు. చెప్పాల్సినదాంట్లో సగమే విని పోయారు. సంతకు రెండు అన్న మాట ఆ అమ్మాయి తలలో అట్లాగే ఉంది, నేను తీసెయ్యలేదు. నాలుగేళ్ళ కింద తలూపి పంపాను, ఇప్పుడు అరిచి పంపాను. తేడా ఏముంది? షట్టరు సగానికి దించి సంతలోకి పరుగెత్తాను.

ఎండుచేపల వరసలో దొరికారు. ఆ అమ్మాయి తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది, అతను చేపలు బేరం చేస్తున్నాడు. నన్ను చూసి అతను లేవబోయాడు. ఉండయ్యా, తప్పు నాదే అన్నాను. నా నోట ఆ మాట విని చేపలమ్మే ఆవిడ ఆశ్చర్యపోయింది. అత్త చోటులో ఇప్పుడు కూర్చునేది ఈవిడే. ఆవిడ గోనె మీద ఏడు చేపలు వరసగా పేర్చాను. ఒక్కోదాన్ని ముట్టుకుంటూ రోజుల పేర్లు చెప్పాను, ఈ కొంటా సంత నుంచి మళ్ళీ ఇదే కొంటా సంత ముందురోజు దాకా. మధ్యలో నువ్వు ఎన్ని సంతలకు పోయినా సరే, ఈ ఏడింటికీ కలిపి రెండే మాత్రలు. ఒక్కటీ ఎక్కువ కాదు. నొప్పి లేని రోజు అసలే వద్దు. కడుపుతో ఉన్నావా, చంటిబిడ్డకు పాలిస్తున్నావా అని అడిగాను, ఉంటే ముందు డాక్టరుకు చెప్పి తీరాలన్నాను. రెండూ లేవంది. ఇంకెవరి దగ్గర ఏ మందు తీసుకున్నా ఈ అట్ట చూపించాలన్నాను. దుకాణంవాడు చీటీ అడక్కపోయినా నువ్వే చూపించాలన్నాను. వేళ్ళు తిమ్మిరెక్కితే, చల్లబడితే మాత్ర ఆపేసి ఆరోజే ఆసుపత్రికి పోవాలన్నాను. గొంతు పెద్దదే. వరసంతా వింటోంది, విననీ అనుకున్నాను.

ఆ అమ్మాయి తలూపింది. తలూపడం వద్దు, చెప్పు అన్నాను.

ఆమె కొంగు కొంచెం పక్కకు తీసి, కళ్ళు చికిలించి ఏడు చేపలనూ చూసింది. ఒక్కో రోజు పేరు పలికింది. వేళ్ళ సంగతి, అట్ట సంగతి అప్పజెప్పింది. తరవాత చెయ్యి చాచి అందులోంచి రెండు చేపలు తీసుకుని, ఇవే అంది, మిగతా అయిదింటినీ ఆవిడ వైపు తోసేసింది.

నేను చేపల వైపు చూడలేదు. ఆ అమ్మాయి చేతుల వైపు చూశాను. వేళ్ళు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి.